కోన్ల దగ్గర మెరుపులు, కోర్టులో తడబాటు: కబడ్డీ పిల్లలకు ఏం చేయించాలి?

ప్రశ్న (హనుమకొండ):
అన్నలూ, 16–18 ఏళ్ల పిల్లలు పన్నెండు మందికి పొద్దున్నే కబడ్డీ నేర్పుతున్నాను. మూడు నెలలుగా ల్యాడర్ (నేల మీద పరిచి గడుల్లో అడుగులేయించే నిచ్చెన), జిగ్‌జాగ్ కోన్లు చేయిస్తే స్టాప్‌వాచ్‌లో టైమింగ్ బాగానే తగ్గింది. కానీ కూతకు వెళ్తే చాలు, కార్నర్‌కు (మూలన నిలబడే డిఫెండర్‌కు) దొరికిపోతున్నారు. తప్పెక్కడుంది?

జవాబు:
తమ్మీ, నీ పిల్లలకు కోన్ల వరస కంఠతా వచ్చింది, అంతే. కోను కాలు పట్టుకోదు కదా! ఎటు తిరగాలో ముందే తెలిసి తిరగడం వేరు, ఎదుటివాణ్ని చూసి అప్పటికప్పుడు తిరగడం వేరు. అజిలిటీ అంటే రెండోదే.

మొదటిది వద్దనను. ఆగడం నేర్పడానికి అది కావాలి. ఐదు మీటర్లు ఉరికి, నడుము దించి, రెండు మూడు అడుగుల్లో ఆగమను. ఆగేటప్పుడు మోకాలు లోపలికి వాలేవాడికి వేగం పెంచకు. ఎవరూ తగలకుండానే లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత కోన్లు తీసేయి. మధ్య గీత నుంచి బాక్ లైన్‌కు, అంటే కూతకు వెళ్లినవాడు దాటాల్సిన గీతకు, 3.75 మీటర్లు. అక్కడ కూతకు వెళ్లే ఒక రైడర్‌ను, ఒక కార్నర్‌ను నిలబెట్టు. ఎనిమిది సెకన్లలో రైడర్ బాక్ లైన్ దాటి తిరిగి రావాలి. మొదటి వారం కార్నర్ వెంట కదలాలే తప్ప పట్టొద్దు. రెండో వారం పట్టనివ్వు. మూడో వారం కవర్‌ను (కార్నర్‌కు లోపలి వైపు నిలబడే డిఫెండర్‌ను) కలుపు. డిఫెండర్‌ను రైడర్ చేతులు కాదు, నడుము చూడమను. మా దగ్గర ఒకడు చేయి ఊపితే చాలు, అటే దూకేవాడు. నడుము మీద చూపు నిలపడానికి వాడికి రెండు నెలలు పట్టింది.

కూతకూ కూతకూ మధ్య 40 సెకన్లు ఆపు. అలిసిన కాళ్లతో చేయిస్తే అది స్టామినా ప్రాక్టీసే. వారానికి రెండు రోజులు చాలు, అదీ వామప్ కాగానే.

మరొకరు (కాజీపేట):
మట్టి కోర్టయితే నీళ్లు ఎక్కువ చల్లకండి. నల్లరేగడి తడిస్తే ఆగే కాలు జారుతుంది. మాకు ఒకసారి అనుభవమైంది.

ప్రశ్న అడిగినవారు:
ల్యాడర్ పక్కన పడేయాలా అన్నా? చందాలేసుకొని కొన్నాం. స్టాప్‌వాచ్ లేకపోతే మెరుగుపడ్డారని ఎట్లా తెలుస్తుంది?

జవాబు:
పడేయకు, వామప్‌లో ఐదు నిమిషాలు వాడుకో. ఫోన్‌ను లాబీ (కోర్టు పక్క పట్టీ) బయట స్టూలు మీద పెట్టి, ఒక్కొక్కడివి పది కూతలు వీడియో తీయి. ఎన్నిసార్లు తాకి బయటపడ్డాడో, ఎన్నిసార్లు చిక్కాడో రాసి పెట్టుకో. నెల తర్వాత అదే కార్నర్‌ను నిలబెట్టి మళ్లీ తీయి. కార్నర్‌ను మార్చావంటే లెక్క కుదరదు.