సిలికాన్ కాంతి స్విచ్ పొడవును తగ్గించడం ఎలా?

ప్రశ్న: సిలికాన్‌ను వేడిచేసి వక్రీభవన గుణకాన్ని (పదార్థంలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 0.004 మేర మార్చినా, 1550 నానోమీటర్ల కాంతికి స్విచ్‌ను మార్చేందుకు కావలసిన అర్ధతరంగ దశాభేదం (తరంగం సగం తరంగదైర్ఘ్యం మేర వెనకబడటం) రావడానికి దాదాపు 200 మైక్రోమీటర్ల మార్గం కావలసివస్తోంది. ఫోటోనిక్ క్రిస్టల్ వేవ్‌గైడ్ (క్రమమైన రంధ్రాల మధ్య కాంతిని నడిపే దారి) ఈ పొడవును ఎలా తగ్గిస్తుందో వివరించగలరా?

జవాబు: సిలికాన్ పలకలో వరుసలుగా రంధ్రాలు తొలిచి, ఒక్క వరుసను మాత్రం తొలవకుండా వదిలితే కాంతి ఆ దారినే నడుస్తుంది, కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద దాని సమూహవేగం (కాంతి స్పందన ముందుకు సాగే వేగం) బాగా పడిపోయి, పదార్థంలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక, అంతే గుణక మార్పుకు దశాభేదం ఎన్నో రెట్లవుతుంది. 2008లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన స్విచ్‌లో ఈ పొడవు 5.2 మైక్రోమీటర్లే, అంటే మామూలుదానిలో 36వ వంతు.

మరో జవాబు: పొడవు చూసి మురిసిపోవద్దండీ. కాంతి నెమ్మదించేకొద్దీ రంధ్రాల గోడల గరుకుదనం వల్ల చెదిరిపోయే నష్టం పెరుగుతుంది, పనిచేసే తరంగదైర్ఘ్యాల పరిధి కూడా ఇరుకవుతుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. అయితే నష్టం మరీ పెరగకుండా సమూహ గుణకాన్ని (శూన్యంలో కాంతివేగం సమూహవేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 30 దగ్గరే ఆపి లెక్కించి చూస్తాను.