కాడ్మియం తగ్గాలంటే సిలికాన్ పిచికారీయా, ఊక బూడిదా?

మాగాణి2ఎకరాలు: మూసీ కాలువ కింద వరి. మట్టి పీహెచ్ 7.4. పోయిన యాసంగి బియ్యం పరీక్షలో కాడ్మియం (విషపు లోహం) కిలోకు 0.5 మిల్లీగ్రాములు తేలింది. పాలిష్ పట్టిన బియ్యానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి 0.4. 2 శాతం సిలిసిక్ ఆమ్లం డబ్బా తెచ్చి లీటరుకు 2 మి.లీ. చొప్పున మూడుసార్లు కొట్టమంటున్నారు. సరిపోతుందా?

దుక్కిసాలు: ముందు లెక్క చూడండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లంటే 400 మి.లీ. మందు. అందులో ఆమ్లం 8 గ్రాములు, అసలు సిలికాన్ 2.3 గ్రాములు. మూడు విడతలూ కలిపినా 7 గ్రాములు దాటదు. టన్ను వడ్లు పండడానికి వరి నేలనుంచి సగటున 80 కిలోల సిలికాన్ లాగుతుంది, ఎకరాకు రెండు టన్నులంటే 160 కిలోలు. పిచికారీతో కొంత ఫలితం చూపించిన ప్రయోగాలు ఉన్నాయి, కాదనను. కానీ కాడ్మియం వచ్చేది వేరు దారిన. కాపలా కూడా అక్కడే పెట్టాలి.

వేరులో సిలికాన్ చేసే పని ఇది: లోపలి పొర గోడల్లో పేరుకుని కణాల సందుల్లోంచి లోహం జారిపోకుండా అడ్డుపడుతుంది, కణం గోడలోనే కొంత కాడ్మియాన్ని కట్టేస్తుంది. దాంతో గింజకు ఎక్కేది తగ్గుతుంది. నేలలోని కాడ్మియం మాత్రం ఎక్కడికీ పోదు.

వేరుమొదలు: దీనికి నీళ్ల సంగతి కలపాలి. మడిలో నీరు నిలిస్తే నేలలోని గంధకం సల్ఫైడ్‌గా మారి కాడ్మియాన్ని కరగకుండా పట్టుకుంటుంది. మడి ఆరితే గాలి తగిలి మళ్లీ విడిపోతుంది. అందుకే ఈనడానికి మూడు వారాల ముందునుంచి ఈనిన మూడు వారాల దాకా రెండు మూడు అంగుళాల నీరు తగ్గనివ్వకండి. కోత యంత్రం కోసం తొందరపడి నీరు తీసేస్తే, గింజ పాలు పోసుకునే వేళకే అంతా చెడుతుంది. కాడ్మియం ఉన్న మడికి ఆరుతడి పద్ధతి వద్దు.

ఆర్సెనిక్ (ఇదీ విషమే) కూడా ఉందేమో పరీక్ష చేయించండి. అది నీరు నిలిస్తేనే కరుగుతుంది, అంటే కాడ్మియానికి పూర్తిగా ఎదురు. పైగా సిలిసిక్ ఆమ్లం దూరే ద్వారంలోంచే ఆర్సెనైట్ (నీరు నిలిచిన మడిలో ఆర్సెనిక్ ఉండే రూపం) కూడా దూరుతుంది (వరి వేరులో ఆ ఎల్‌ఎస్‌ఐ1 ద్వారాన్ని 2006లో కనిపెట్టారు). సిలికాన్ దండిగా ఉంటే ఆర్సెనైట్‌కు చోటు తగ్గుతుంది. నా మటుకు సిలికాన్ అసలు బలం కాడ్మియం దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ.

మాగాణి2ఎకరాలు: మిల్లు ఊక బూడిద దొరుకుతుంది. ఎంత వెయ్యాలండి? గట్టు పక్కన పాలకూర ఉంది, దానికీ వెయ్యొచ్చా?

దుక్కిసాలు: ఎకరాకు 800 కిలోలు, ఆఖరి దమ్ముకు ముందు. తడిపి చల్లండి, లేకపోతే గాలికి సగం పక్క పొలానికి పోతుంది. రంగు చూసి కొనండి: నల్లగా, బూడిద రంగులో ఉన్నది తక్కువ వేడికి కాలింది, అందులో సిలికా (సిలికాన్ ఉండే రూపం) కరుగుతుంది. బాయిలర్‌లో బాగా కాలి తెల్లబడిన దాంట్లో సిలికా స్ఫటికంగా మారి ఉండొచ్చు. అది ఇసుక చల్లినట్టే. బూడిద క్షారం కాబట్టి అదే రోజు యూరియా, అమ్మోనియం సల్ఫేట్ వెయ్యకండి, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. సిలికాన్ కోసం వాడే ఉక్కు కర్మాగారం స్లాగ్ (చిట్టెం) ఆమ్ల నేలలకు పనికొస్తుంది, పీహెచ్ 7.4 ఉన్న మీకు దాంతో లాభం తక్కువ. క్రోమియం పరీక్ష కాగితం లేకుండా ఎవరూ కొనొద్దు కూడా.

పాలకూర సంగతి వేరు. అది సిలికాన్ పెద్దగా తీసుకోదు, కాడ్మియాన్ని మాత్రం ఆకుల్లో బాగా దాచుకుంటుంది. ఆ మడిలో ఆకుకూరలు మానెయ్యడమే మందు.

స్ప్రేయర్‌నాజిల్: సిలికాన్ పిచికారీకి పొటాషియం సిలికేట్ వాడేవాళ్లకు ఒక మాట. దాని పీహెచ్ 11 పైనే. ముందు డ్రమ్ము నిండా నీళ్లు, తర్వాత సిలికేట్. కాల్షియం నైట్రేట్, జింక్ సల్ఫేట్, రాగి మందులు దాంతో కలపకూడదు, తెల్లగా విరిగిపోతుంది. చిక్కటి ద్రావణంలో ఆమ్లం పోస్తే జెల్లీ కట్టి నాజిల్ మూసుకుంటుంది. ముందు లీటరు సీసాలో కలిపి అరగంట ఆగి చూడండి.

వేరుమొదలు: గడ్డి మాట మరిచాం. గింజలో కంటే గడ్డిలో కాడ్మియం ఎక్కువ ఉంటుంది. సిలికాన్ కోసమని ఈ మడి గడ్డిని ఇందులోనే కలియదున్నితే లోహమూ తిరిగొస్తుంది. బర్రెలకు వేసే ముందు దాన్నీ ఒకసారి పరీక్షకు పంపండి.