పదికాలాలు మన్నే వంటపాత్రలు: పులుసుకు, వేపుడుకు, అట్టుకు ఏ లోహం కొనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. అత్తగారితో కలిపి ఇంట్లో నలుగురం ఉంటాం. గ్యాస్ పొయ్యితోపాటు ఇండక్షన్ పొయ్యి కూడా వాడుతున్నాం. రెండేళ్ల కిందట కొన్న నాన్‌స్టిక్ పెనానికి మధ్యలో రూపాయి బిళ్లంత మేర పూత లేచిపోయింది. పలుచని స్టీలు గిన్నెలో ఉప్మా చేస్తే మంట తగిలిన చోట వలయంలా మాడుతోంది, అంచుల దగ్గర రవ్వ సరిగా ఉడకడం లేదు. పులుసు కాచే గిన్నె అడుగున సూదితో గుచ్చినట్టు సన్నని గుంటలు పడ్డాయి.

ఇకమీదట కనీసం పదిహేను, ఇరవై ఏళ్లు నిలిచే పాత్రలే కొనాలని నిర్ణయించుకున్నాం. ఒక దుకాణంలో పది పాత్రల స్టీలు సెట్టు చూపించి, అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇది మేలిరకమేనని చెప్పారు. ఆ మాట నమ్మవచ్చా? మా ఇంట్లో పప్పు, పులుసు, వేపుడు రోజూ ఉంటాయి. వారంలో నాలుగు రోజులు దోసెలో పెసరట్లో పోస్తాం. అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

అమ్మా, నేను పాత్రల దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాను కనుక ముందు అయస్కాంతం సంగతి చెబుతాను. వంటకు మంచిదని పేరున్న 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి, ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. ఈ రెండింటికీ అయస్కాంతం సాధారణంగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏది ఏదో తేలదు. పైగా మీ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉందన్నారు. అడుగుకు అయస్కాంతం అంటుకోని గిన్నె ఆ పొయ్యి మీద వేడెక్కదు. అంటే ఆ సెట్టు మీకు సగం పనికే వస్తుంది.

202 రకం గిన్నెలు పప్పులు, పిండి పోసుకోవడానికి బాగానే ఉంటాయి కానీ ఉప్పూ చింతపండూ రోజూ మరిగితే తట్టుకోలేవు. మీ గిన్నెలో పడిన గుంటలకు ఇదే కారణమై ఉండవచ్చు. అయితే 304 గిన్నెలోనైనా చల్లని నీళ్లలో కల్లుప్పు వేసి కలపకుండా వదిలేస్తే, రాళ్లు అడుగున కూర్చున్న చోట అలాంటి గుంటలే పడతాయి. నీళ్లు మరిగాక ఉప్పు వేసి వెంటనే కలపడం అలవాటు చేసుకోండి.

ఉప్మా మాడడానికి కారణం మీ చెయ్యి కాదు. స్టీలు వేడిని చాలా నెమ్మదిగా పాకనిస్తుంది. అల్యూమినియం దానికి దాదాపు పదిహేను రెట్లు త్వరగా పాకనిస్తుంది. అందుకే రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఉంచి ట్రైప్లై పాత్రలు చేస్తున్నారు. లోపల 304, బయట అయస్కాంతం అంటుకునే 430 రకం ఉంటే అది రెండు పొయ్యిల మీదా పనిచేస్తుంది. కొనేటప్పుడు ఆ మూడు పొరలూ అంచుదాకా ఉన్నాయో, అడుగున మాత్రమే బిళ్లలా అతికించారో అడగండి. మొత్తం మందం 2.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. పిడిని రివెట్లతో గట్టిగా బిగించారా అన్నది చేత్తో ఊపి చూస్తేనే తెలుస్తుంది. స్టీలు పాత్రలకు ఐఎస్ 14756, ప్రెషర్ కుక్కరుకు ఐఎస్ 2347 అన్న సంఖ్యతో ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. కుక్కరు విషయంలో ఆ ముద్ర లేనిదాన్ని ఇంటికి తేవద్దు.

రెండవ సమాధానం

ట్రైప్లై మంచిదే, కాదనను. కానీ అట్లకూ వేపుళ్లకూ దాన్ని కొనమని చెప్పలేను. మాది కర్నూలు, మా అమ్మమ్మ వాడిన ఇనుప పెనం మీదే నేను ఇవాళ్టికీ దోసెలు పోస్తున్నాను.

కొత్త పోత ఇనుము పెనాన్ని ముందు బాగా కడిగి, చిన్న మంట మీద తడి పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత గుడ్డతో నువ్వుల నూనె పలుచగా రాసి, అదనపు నూనెను తుడిచేసి, సన్నగా పొగ వచ్చేదాకా కాచి చల్లార్చాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. నూనె ఎక్కువైతే పూత గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది. తొలిసారి అందరూ చేసే పొరపాటు ఇదే. ఆ తరువాత సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి వేడి పెనమంతా రుద్దండి. మొదటి రెండు మూడు అట్లు అతుక్కున్నా దిగులుపడకండి. నెల తిరిగేసరికి పెనం నల్లగా నిగనిగలాడుతూ, అట్టు అంచు తనంతట తానే లేస్తుంది.

పోత ఇనుము కింద పడితే పగిలిపోతుంది. కాలుతున్న పెనం మీద చన్నీళ్లు పోస్తే బీటలు వారుతుంది. మీ అత్తగారికి బరువెత్తడం కష్టమైతే రేకు ఇనుముతో చేసిన మూకుడు తీసుకోండి; అది తేలిక, పగలదు, వేపుడుకు చక్కగా సరిపోతుంది. ఏ ఇనుములోనైనా పులుసు, గోంగూర మాత్రం వండవద్దు. కూర నల్లబడుతుంది, ఇనుము వాసన వస్తుంది, ఇంతకాలం కట్టిన నూనె పూతా పోతుంది.

మూడవ సమాధానం

పులుసు మాట వచ్చింది కనుక రాచ్చిప్ప గురించి చెబుతాను. మెత్తని రాతిని తొలిచి చేసే ఈ పాత్రకు పులుపుతో పేచీ లేదు. వాడబోయే ముందు నూనె, పసుపు పట్టించి ఆరబెట్టి, కొన్ని రోజులు గంజిలో నానబెట్టి, సన్న సెగ మీద మెల్లగా అలవాటు చేయాలి. పొయ్యి కట్టేసిన తరువాత కూడా పులుసు కాసేపు ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి కొంచెం ముందే దించాలి. ఇది ఇండక్షన్ మీద పనికిరాదు.

మాది గోదావరి వైపు కాబట్టి ఇత్తడి మీద నాకు మమకారం ఎక్కువ. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరున్న ఊరు. అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదు. కళాయి అంటే తగరం పూత; తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కనుక ఖాళీ గిన్నెను పొయ్యి మీద ఉంచకూడదు, అందులో పోపు వేయకూడదు. పూత అరిగి లోపల పసుపు రంగు కనిపించగానే మళ్లీ కళాయి పెట్టించాలి. మీ ఊళ్లో కళాయి పెట్టేవారు దొరకకపోతే ఇత్తడి జోలికి వెళ్లవద్దు.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ కృతజ్ఞతలు. సెట్టు ఆలోచన మానుకున్నాం. ఉప్మాకూ పులుసుకూ పనికొచ్చేలా 3 లీటర్ల ట్రైప్లై గిన్నె ఒకటి, రేకు ఇనుము మూకుడు ఒకటి, పోత ఇనుము పెనం ఒకటి తీసుకుంటున్నాం. కుక్కరు ఉన్నదే వాడుకుంటాం. ఒక్క సందేహం మిగిలింది: ట్రైప్లై గిన్నెలో రవ్వ అతుక్కోకుండా ఏం చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఖాళీ గిన్నెను మధ్యస్థ మంట మీద రెండు నిమిషాలు కాచి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. చుక్క చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా కాగాలి. ముత్యంలా గుండ్రంగా అయి గిన్నెలో అటూ ఇటూ దొర్లితే కాగినట్టే. అప్పుడు మంట తగ్గించి, తడి తుడిచి, నూనె పోసి పోపు వేసుకోండి. రవ్వను మాత్రం వేరే మూకుట్లో ముందే వేయించి పెట్టుకుని, నీళ్లు మరిగాక పోయండి.