చేపల హేచరీకి పిల్లలతో ఒక రోజు: ఎప్పుడు వెళ్తే గుడ్లు కనిపిస్తాయి?

రాజాం_అమ్మ:
ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా మామగారు, మేమిద్దరం. వేసవి సెలవుల్లో బొచ్చె, శీలావతి పిల్లల్ని పుట్టించే చోటు చూపించాలని ఉంది. అంత దూరం వెళ్లి ఖాళీ తొట్లు చూసి రాకూడదు. ఏ నెల, ఏ పూట మంచిది? ఎవరిని అడగాలి?

నాగావళి_గట్టు:
తేదీ మీరు పెట్టుకోకండి, హేచరీ వాళ్లని అడిగి పెట్టుకోండి. మీ మండలం మత్స్యశాఖ వాళ్లనో, రైతు సేవా కేంద్రంలో ఉండే గ్రామ మత్స్య సహాయకుణ్నో పట్టుకుంటే ఫోన్ చేసి కనుక్కుంటారు. అడగాల్సింది ఒకటే: తల్లిచేపలకి ఇంజెక్షన్ ఏ సాయంత్రం? ఆ మర్నాడు బయల్దేరండి.

ఎందుకంటే ఇవి ఏటి చేపలు, నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకే సాయంత్రం ఆరింటికి ఓవాప్రిమ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ వేస్తారు. ఆడచేపకి కిలో బరువుకి 0.3 నుంచి 0.5 మి.లీ., మగచేపకి 0.1 నుంచి 0.2. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో, అంటే తెల్లవారుజామున గుడ్లు దిగుతాయి. ఉదయం ఏడింటికి చూస్తే నానిన సగ్గుబియ్యంలా, గాజు పూసల్లా నీళ్లలో తిరుగుతుంటాయి. మధ్యాహ్నం దాటాక గుడ్డు లోపల పిల్ల కదలడం కంటికి కనిపిస్తుంది. ఒక గాజుగ్లాసులో నాలుగు గుడ్లు పట్టి చూపించమని అడగండి, ఐదేళ్లవాడికి అదే పండగ. 14 నుంచి 18 గంటల్లో గుడ్డు పగులుతుంది.

మే నెలలో తల్లిచేపలూ, పిల్లచేపల్ని పెంచే నర్సరీ చెరువులూ ఉంటాయి గానీ, గుడ్ల పని ఊపందుకునేది వానలు పడ్డాకే. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఒక ఆదివారం చూసుకోండి. సెలవుల్లోనే కావాలంటే ఫోన్ చేయకుండా కదలొద్దు.

గుండ్రటి_తొట్టి:
మీ మామగారికి ఆసక్తి ఉంటే పొదిగే తొట్టి దగ్గరే ఎక్కువసేపు నిలబడండి. అడుగున బాతు ముక్కులాంటి గొట్టాలు ఏటవాలుగా ఉంటాయి. పైన ట్యాంకు నుంచి వచ్చే నీరు వాటిలోంచి చిమ్మి గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో నైలాన్ వల చుట్టిన గది, అందులోంచి నీరు బయటికి పోతుంది, గుడ్లు ఆగిపోతాయి. పనితనం అంతా ఆ వడిలోనే ఉంది. తగ్గితే గుడ్లు అడుగున పేరుకుని ఊపిరాడక తెల్లబడతాయి. పెరిగితే పొర చిరిగి పిల్ల నెల తక్కువగా బయటపడుతుంది. పిల్లలు బయటికొచ్చాక గుడ్డు పెంకులు వలకి అంటుకుంటాయి, గంటగంటకీ తుడవకపోతే నీరు పొంగి పిల్లలు కొట్టుకుపోతాయి. ఆ వల తుడిచే మనిషిని మాటల్లో పెట్టకండి, దయచేసి.

పుట్టిన పిల్లకి నోరు తెరుచుకోదు, పొట్టకింద సొన సంచే మూడు రోజుల తిండి. అది కరిగాకే ఆ పిల్లల్ని 'స్పాన్' అన్న పేరుతో అమ్ముతారు.

వంశధార_పిల్లకాలువ:
పిల్లలకి దోమల క్రీము, తలకి నూనె రాసి తీసుకెళ్లొద్దు. ఆ చేతులు తొట్టిలో పెడితే పిల్లచేపలకి విషమే. తొట్టి గట్లు నాచు పట్టి జారతాయి, చెప్పులకి పట్టు ఉండాలి. చెరువు గట్టు మీద ఐదేళ్లవాడి చెయ్యి వదలకూడదు, నీడ ఉండదు కాబట్టి పదకొండుకల్లా బయటపడి పులిహోర, పెరుగన్నం తోటలో తినండి. గుడ్డులో కదలిక చూడాలంటే మూడు దాటాక మళ్లీ ఓసారి వెళ్లొచ్చు. తీరంలో ఉండే రొయ్యల హేచరీలకి మాత్రం వెళ్లకండి, రోగాల భయంతో బయటివాళ్లని లోపలికి రానివ్వరు. అది సబబే.

రాజాం_అమ్మ:
చాలా థాంక్సండీ. పాప నాలుగు చేపపిల్లలు తెచ్చుకుంటానంటోంది, సీసాలో బతుకుతాయా?

నాగావళి_గట్టు:
బతకవమ్మా. బొచ్చె కిలోల బరువు పెరిగే చేప, దానికి చెరువు కావాలి. మీకు పొలంలో కుంట ఉంటే స్పాన్ కాదు, వేలెడు పిల్లలు అడగండి. ముందురోజు నుంచి మేత ఆపి, కవరులో మూడో వంతు నీరు, మిగతా ఆక్సిజన్ నింపి కడతారు. ఎండ తగలనివ్వకండి. కుంటలో కవరుని పావుగంట తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కుంట నీరు కలిపి, వాటంతట అవే ఈదిపోయేలా వంచాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే వేడి తేడాకే చస్తాయి.