అప్‌డేట్: నెట్ లేని ల్యాబ్‌లో గిట్ బండిల్ ఎక్కట్లేదు (తీరింది)

గచ్చిబౌలి ఆఫీసు నుంచి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన గిట్ బండిల్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్, ఆ మార్పుల్ని కట్టి ఇచ్చే ఒక ఫైల్) మా ల్యాబ్‌లో ఫెచ్ కావట్లేదని, అంటే అక్కడి కాపీలోకి రావట్లేదని, ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

‘ముందు గిట్ బండిల్ వెరిఫై కొట్టి చూడండి’ అన్న సలహాయే పనిచేసింది (బండిల్ ఎక్కడానికి కావాల్సినవి అక్కడ ఉన్నాయో లేదో చెప్పే కమాండ్ అది). ల్యాబ్ రిపోలో (అక్కడి కోడ్ కాపీలో) ముందే ఉండాల్సిన పాత కమిట్లు (గిట్‌లో సేవ్ చేసిన మార్పులు) లేవని తేలింది. బోనాల వారంలో పంపిన బండిల్‌ని అక్కడ ఎవరూ ఎక్కించలేదు. ఇక్కడ నేనేమో ‘ఇంతవరకు పంపాం’ అని గుర్తుగా పెట్టుకున్న ట్యాగ్‌ని ముందుకు జరిపేశాను, దాంతో తర్వాతి బండిల్ ఆ ట్యాగ్ నుంచే తయారైంది. వాళ్ల దగ్గరున్న చివరి కమిట్ నుంచి కొత్త బండిల్ చేస్తే వెంటనే ఎక్కింది.

ఇప్పుడు ల్యాబ్ వాళ్లు ఎక్కిందని చెప్పాకే ట్యాగ్ కదుపుతున్నాను. పైగా ప్రతి బండిల్‌లో గత 10 రోజుల కమిట్లు కూడా కలుపుతున్నాను, ఉన్నవే మళ్లీ వెళ్లినా నష్టం లేదు.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌కీ, గిట్ వెర్షన్‌కీ దీనితో సంబంధమే లేదు. అనవసరంగా కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాను! ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు (గిట్ చరిత్రలో కాకుండా విడిగా దాచే పెద్ద ఫైళ్లు) మాత్రం బండిల్‌లో రావు, విడిగా మోసుకెళ్లాల్సిందే.