ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు: ఎదురుపడితే ఏం చేయాలి, ఎదురుపడకుండా ఏం చేస్తున్నారు?

ఉద్దానం ఆడపడుచు:
నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని ఒక పల్లె. మా అమ్మానాన్నలకు అక్కడ జీడితోట, దాని గట్ల వెంబడి కొన్ని పనస చెట్లు ఉన్నాయి. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. జీడి కాపు వచ్చే మార్చి నుంచి మే దాకా మా అమ్మ ఇంకా చీకటి ఉండగానే పిక్కలు ఏరడానికి ఒంటరిగా తోటకు వెళుతుంది. ఎండ ముదిరితే పని సాగదు, ఆలస్యమైతే రాలిన పిక్కలు వేరెవరైనా ఏరుకుపోతారన్న బెంగ కూడా ఉంటుంది. ఈసారి మా తోటను ఆనుకొని ఉన్న డొంకలో పిల్లలతో ఉన్న ఎలుగుబంటి కనిపించిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఫోనులో "జాగ్రత్తమ్మా" అనడం సులువే కానీ, ఆ జాగ్రత్త ఏమిటో నాకే సరిగా తెలియదు. ఏ వేళకు వెళ్లాలి, చేతిలో ఏముండాలి, ఎదురుపడితే శరీరాన్ని ఎలా కాపాడుకోవాలి అన్నంత వివరంగా, స్వయంగా చూసినవారు చెప్పగలరా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, వజ్రపుకొత్తూరు:
అమ్మా, మీ ప్రశ్న మా మండలంలో ప్రతి ఇంటి ప్రశ్న. 2022 జూన్‌లో మా మండలంలోని కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి ఒకరిని చంపి, మరి కొందరిని తీవ్రంగా గాయపరిచింది. చివరకు మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు కానీ, పట్టుబడ్డ తరువాత అది కూడా చనిపోయింది. ఆ రోజులను దగ్గరగా చూసినవాడిగా ఒక్క విషయం చెప్పాలి. మొదటి దాడి తోటలో అనుకోకుండా ఎదురుపడటం వల్ల జరుగుతుంది. ఆ తరువాతి దాడుల్లో చాలా వరకు జనం గుంపుగా కర్రలతో, ఫోను కెమెరాలతో దాన్ని చుట్టుముట్టడం వల్ల జరుగుతాయి. నాలుగు వైపులా మనుషులే కనిపించినప్పుడు, పారిపోవడానికి దారి దొరకని జంతువు మనుషుల మీదుగానే దారి చేసుకుంటుంది.

ఎలుగుబంట్లు ఎక్కడో మహేంద్రగిరి అడవుల నుంచి తప్పిపోయి మన ఊళ్లలోకి వస్తున్నాయని చాలామంది అనుకుంటారు. కొన్ని అలా రావచ్చు. కానీ ఉద్దానంలో చాలా ఎలుగులకు మన తోటలే నివాసం. సముద్రానికీ కొండలకూ నడుమ ఉన్న ఈ ఇసుక నేలల్లో జీడి, పనస, కొబ్బరి కలిసి పెరుగుతాయి. అడుగున తుప్పలు, వాటి మధ్య చెదపుట్టలు, పక్కనే డొంకలు ఉంటాయి. పగలు పడుకోవడానికి చల్లని చోటు, రాత్రి తినడానికి పండు, రెండూ ఒకచోటే దొరుకుతున్నప్పుడు ఆ జంతువు వేరే చోటికి ఎందుకు పోతుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన చెట్లను కూల్చిన తరువాత, ఆదాయం పోయిన చాలామంది తోటలను శుభ్రం చేయించడం మానేశారు. అలా వదిలేసిన తోటల్లో పెరిగిన తుప్పలు ఎలుగులకు మరింత మరుగు ఇచ్చాయన్నది నా అభిప్రాయం.

అటవీ పహారా, పలాస వైపు:
నేను అటవీశాఖ తరఫున పొరుగుసేవల పద్ధతిలో పహారా పని చేస్తాను. ఎలుగు జాడలు చూడటం, అది తోటలో దిగిందని కబురు వచ్చినప్పుడు జనాన్ని దూరంగా పంపడం నా పనిలో భాగం. మాస్టారు గారు చెప్పినదానికి కొన్ని విషయాలు చేరుస్తాను.

మన ఎలుగుబంటికి ముక్కు చాలా చురుకు. చూపు, వినికిడి అంత చురుకు కావు. తలను నేలకు వంచి చెదపుట్టను తవ్వుతూ, బుసలు కొడుతూ పురుగులను పీల్చుకుంటున్నప్పుడు మనిషి అడుగుల చప్పుడు దానికి వినపడకపోవచ్చు. గాలి మన వైపు నుంచి దాని వైపు వీయకపోతే వాసన కూడా అందదు. అందువల్ల అది తలెత్తేసరికి మనిషి నాలుగైదు బారల దూరంలో ఉంటాడు. అంత దగ్గరలో అది పారిపోవడం కంటే మీదపడటానికే ఎక్కువ మొగ్గు చూపుతుంది. పులులతో ఒకే అడవిలో బతికిన జాతి కనుక ఎదురుతిరగడమే దీనికి అలవాటైందని నిపుణులు అంటారు. అది మనిషిని తినడానికి రాదు. దాని ఆహారం చెదలు, చీమలు, తేనె, ఇప్పపూలు, రేగు, నేరేడు, రేల, మేడి లాంటివి. మన దగ్గర వీటికి పనస, జీడిపండు తోడయ్యాయి.

కాబట్టి మొదటి జాగ్రత్త చప్పుడు. చీకట్లో నిశ్శబ్దంగా తోటలోకి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదకరం. వెలుగు బాగా వచ్చిన తరువాత, ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. చేతికర్రకు పశువుల మెడలో కట్టే గంట కట్టుకుంటే నడిచినంతసేపూ అది మోగుతూనే ఉంటుంది. పాటలు పెట్టుకున్న ఫోను జేబులో ఉన్నా మంచిదే, కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మాత్రం మీకే దాని చప్పుడు వినపడదు. తోట అంచున ఆగి కర్రతో డబ్బా కొట్టి, కొంతసేపు వేచి చూసి లోపలికి వెళ్లండి. ఎలుగుకు తప్పుకోవడానికి ఆ కాస్త వ్యవధి చాలు.

ఆడపిల్లలు, వృద్ధులు వేకువనే బహిర్భూమికి తోటల వైపు వెళ్లడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. పిక్కలు ఏరడం కంటే అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మనిషి కూర్చుని, నిశ్శబ్దంగా, ఒంటరిగా ఉంటాడు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండి నీళ్లు లేక వాడనివారు ఈ ఒక్క కారణానికైనా నీళ్ల ఏర్పాటు చేసుకోవాలి.

ఉద్దానం ఆడపడుచు:
చాలా కృతజ్ఞతలు. గంట కట్టిన కర్ర గురించి అమ్మకు ఇప్పుడే చెప్పాను. చిన్నప్పుడు మనమందరం విన్న ఇద్దరు స్నేహితుల కథ ఉంది కదా, ఎలుగు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి వెళ్లిపోతుందని. మా అమ్మ దాన్నే నమ్ముకుని ఉంది. అది ఎంతవరకు నిజం? చెట్టెక్కితే తప్పించుకోవచ్చా?

అటవీ పహారా, పలాస వైపు:
చెట్టెక్కడం పనికిరాదు. ఎలుగు తేనె కోసం ఎత్తైన చెట్లు ఎక్కుతుంది; జీడిచెట్టు కొమ్మలు నేలకు దగ్గరగానే ఉంటాయి. పరుగెత్తడం అంతకంటే పనికిరాదు, అది మనిషి కంటే వేగంగా పరుగెత్తగలదు.

కథలో సగం నిజం ఉంది. ఎలుగు దూరంగా ఉన్నప్పుడు పడుకోకూడదు. అది మిమ్మల్ని చూడకపోతే వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెనక్కి రావాలి. చూసినట్లయితే వీపు చూపకుండా, మెల్లగా మాట్లాడుతూ, అడుగు వెనక అడుగు వేయాలి. దాని వెంట పిల్లలుంటే పిల్లలకూ తల్లికీ నడుమ ఎట్టి పరిస్థితిలోనూ నిలబడకూడదు. తల్లి తన పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది కనుక దూరం నుంచి చూస్తే వీపు మీది వెంట్రుకల్లో పిల్లలున్నట్టు తెలియదు. అందువల్ల ఏ ఎలుగైనా పిల్లలతో ఉందనే అనుకోవడం మంచిది.

ఇక తప్పించుకునే వీలు లేకుండా మీదికి వచ్చేసిందనుకోండి, అప్పుడు బోర్లా పడుకుని, ముఖాన్ని నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు పెనవేసి మెడ వెనుక భాగాన్ని కప్పుకోవాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఈ జంతువు ముందుగా తల, ముఖం మీదే దెబ్బ తీస్తుంది. పొడవైన వంకర గోళ్లు పుట్టలను తవ్వడానికి ఏర్పడినవి, మనిషి ముఖం వాటికి ఆగదు. వెల్లకిలా పడుకుంటే కళ్లు, ముక్కు, గొంతు పోతాయి. కదలకుండా, అరవకుండా ఉంటే దానికి భయం తగ్గి సాధారణంగా వదిలి వెళ్లిపోతుంది. వెళ్లిన వెంటనే లేవకండి, అది దూరమైందని నిర్ధారణ చేసుకున్న తరువాతే లేవండి.

కవిటి రైతు:
పహారా గారి మాటను గౌరవిస్తూనే ఒక భేదాభిప్రాయం చెబుతాను. ఒంటరిగా ఉన్నవాడికి పడుకోవడం సరైనదే కావచ్చు. కానీ పక్కన మరొక మనిషి ఎలుగు కింద పడి ఉంటే మనం చూస్తూ నిలబడలేం. మా తోటలో మా అన్నయ్య మీద ఎలుగు పడినప్పుడు మేం ముగ్గురం గట్టిగా కేకలు వేస్తూ, డబ్బాలు కొడుతూ ఒకే వైపు నుంచి ముందుకు వెళ్లాం. అది రెండో వైపుకు పరుగెత్తిపోయింది. మేం దాన్ని కొట్టలేదు, చుట్టుముట్టలేదు. దానికి ఒక వైపు ఖాళీగా ఉంచడం వల్లనే అది వెళ్లిపోయిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అన్నయ్య బతికాడు, ఒక కన్ను మాత్రం పోయింది.

అటవీ పహారా, పలాస వైపు:
మీరు చేసింది సరైన పనే. ఒకే వైపు నుంచి, ఖాళీ దారి వదిలి చప్పుడు చేయడం మేం కూడా పాటించే పద్ధతి. నేను వద్దనేది గుంపుగా వెంటపడటాన్ని.

ప్రభుత్వాసుపత్రి నర్సు:
అన్నయ్యగారి సంగతి చదివి, గాయాల గురించి రాయాలనిపించింది. మా వార్డుకు వచ్చే ఎలుగు బాధితులలో తలచర్మం ఊడి వచ్చినవారు, దవడ విరిగినవారు ఉంటారు. అంత గాయాన్ని చూసి బంధువులు హడలిపోయి పసుపు, కాఫీపొడి, సున్నం అద్ది తీసుకువస్తారు. దయచేసి అలా చేయకండి. వాటిని కడగడానికే మాకు ఎంతో సమయం పోతుంది, ఆ కడగడం రోగికి నరకం. శుభ్రమైన పంచెనో చీర ముక్కనో మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి, తడిసినా తీయకుండా దానిమీదే ఇంకో గుడ్డ పెట్టండి. ముఖానికి గాయమై నోట్లోకి రక్తం పోతుంటే వెల్లకిలా పడుకోబెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే రక్తం ఊపిరికి అడ్డుపడుతుంది. ఊడిన చర్మం వేలాడుతుంటే కోయకుండా, దాని చోటులోనే ఉంచి కట్టండి. 108కి ఫోను చేసేటప్పుడు ఎలుగు గాయం అని స్పష్టంగా చెప్పండి.

మరొక విషయం చాలామంది మరిచిపోతున్నారు. అడవి జంతువు కరిచినా, చర్మం చీరేలా రక్కినా కుక్క కాటుకు ఇచ్చినట్టే రేబిస్ టీకా వేయించుకోవాలి, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణనిచ్చే మందు) కూడా ఎక్కించాలి. కుట్లు పడ్డాయి కదా అని టీకా మోతాదులు మధ్యలో ఆపేసినవారిని చూశాను. చిన్న రక్కే కదా అని ఇంట్లో ఉండిపోయినవారిని కూడా చూశాను. గాయం చిన్నదైతే ముందుగా సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి ఆసుపత్రికి రండి.

న్యూజెర్సీ నుంచి:
మాది సోంపేట. ప్రస్తుతం న్యూజెర్సీ ఉత్తర భాగంలో ఉంటున్నాం. ఇక్కడ కూడా ఇంటి వెనుకకు ఎలుగుబంట్లు వస్తాయి. చెత్తడబ్బాలు, పక్షులకు పెట్టే గింజలు వాటిని రప్పిస్తాయి. నేను రాయడానికి కారణం వేరు. ఇక్కడి నల్ల ఎలుగు గురించిన వీడియోలు మన ఊరి వాట్సాప్ బృందాల్లో తిరుగుతున్నాయి. వాటిలో "చేతులు పైకెత్తి పెద్దగా కనిపించండి, దాడి చేస్తే ఎదురు తిరిగి కొట్టండి" అని చెబుతారు. నల్ల ఎలుగుకు అది సరైన సలహా. అది ప్రధానంగా చెట్టెక్కి తప్పించుకునే జంతువు, చాలాసార్లు అరిస్తేనే పోతుంది. ఎల్లోస్టోన్ వైపు ఉండే గ్రిజ్లీ అనే మరో రకం ఎలుగు విషయంలో ఇదే దేశంలో వేరే సలహా ఇస్తారు: అది మీద పడితే బోర్లా పడుకుని మెడ కప్పుకోమంటారు. మన ఎలుగు ఈ విషయంలో గ్రిజ్లీకి దగ్గర. జాతి ఏదో చూడకుండా వీడియోలు పంచితే మన తోటలో ప్రాణం పోతుంది. దయచేసి మీ ఊరి బృందాల్లో ఈ తేడాను తెలుగులో రాసి పెట్టండి.

తిరుపతి నివాసి:
జాతిని బట్టి ప్రవర్తించాలన్న మాట చిరుత విషయంలోనూ నిజమే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయిన తరువాత, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటలు దాటితే నడకదారుల్లోకి అనుమతించకుండా ఆంక్షలు పెట్టారు. భక్తుల చేతికి కర్రలు కూడా ఇచ్చారు. చిరుత చిన్నగా కనిపించేవారిని ఎంచుకుంటుంది. అందుకే పిల్లలను ముందుకో వెనక్కో వదలకుండా మధ్యలో నడిపించాలి, చిరుత కనిపిస్తే ఎత్తుకోవాలి, దాని ఎదుట వంగకూడదు, పడుకోకూడదు, నిటారుగా నిలబడి అరవాలి. ఎలుగుకు చెప్పిన పడుకునే పద్ధతిని చిరుత ముందు పాటించకూడదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, వజ్రపుకొత్తూరు:
మా వైపు కొందరు తోట చుట్టూ కరెంటు తీగలు, ఉచ్చులు పెడుతున్నారు. బాధలో ఉన్న రైతును నేను నిందించలేను కానీ, రాత్రిపూట పొరుగింటి మనిషి, ఆవు, దూడ కూడా అదే తీగను తాకుతాయి. ఎలుగు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, చంపితే మూడేళ్లకు తగ్గకుండా జైలుశిక్ష పడుతుంది. ఆ శ్రమను పండిన పనసకాయలను ఎప్పటికప్పుడు దింపడంలో పెడితే మేలు. మగ్గిన పనస వాసన ఎలుగుకు ఎంత దూరానికైనా చేరుతుంది. ఇంటికి దగ్గరగా ఉన్న చెట్ల కాయలను ముందుగా దింపండి. పిక్క తీసిన జీడిపండ్లను కూడా చెట్టు కిందే కుప్పగా వదలకుండా తోట నుంచి దూరంగా గోతిలో పూడ్చండి.

ఉద్దానం ఆడపడుచు:
అమ్మ ఇకపై వెలుగు వచ్చాక మా పిన్నితో కలిసి వెళతానని ఒప్పుకుంది. పక్కపక్క తోటలవాళ్లు అందరూ ఒకే వేళకు దిగాలని ఊళ్లో మాట్లాడుకుంటే పిక్కలు పోతాయన్న బెంగ కూడా తీరుతుందని నాన్న అన్నారు. మా డొంకలో తుప్పలు ఇప్పుడే కొట్టించాలా అన్నది ఒక్కటే మిగిలింది.

అటవీ పహారా, పలాస వైపు:
పిల్లలతో ఎలుగు అక్కడ ఉందని తెలిసిన తరువాత ఇప్పుడు కత్తులు పట్టుకుని డొంకలోకి దిగకండి. మన దేశంలో ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఎలుగులు ఈని, రెండు మూడు నెలలు గుహలోనో గోతిలోనో పిల్లలతో ఉండి, సరిగ్గా మీ పిక్కల కాలానికి వాటిని వీపున వేసుకుని బయటికి వస్తాయి. ముందు మీ ప్రాంతపు అటవీశాఖ బీట్ అధికారికి కబురు చేయండి, మేం వచ్చి జాడలు చూస్తాం. తుప్పలు కొట్టించే పని వానలు తగ్గిన అక్టోబరు, నవంబరులో పెట్టుకోండి. ఒకేరోజు అంతా కాకుండా ఊరి వైపు నుంచి మొదలుపెట్టి, కొండ వైపు దారి వదులుతూ కొట్టించాలి. పంచాయతీ స్థలంలో ఉన్న డొంక అయితే ఇరుపక్కల తోటలవారు కలిసి సంతకాలు పెట్టి పంచాయతీకి అర్జీ ఇవ్వండి, ఒక నకలు మా రేంజి కార్యాలయానికి కూడా పంపండి.