పాత పెట్రోలు కారు ట్రాఫిక్‌లో హీటెక్కుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలేరు_గట్టు (సోమవారం)

అందరికీ నమస్కారం. నాన్న వాడిన 2006 మోడల్ చిన్న పెట్రోలు కారు ఇప్పుడు నా దగ్గరుంది. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న శనివారం ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చాం. సాయంత్రం చల్లగా ఉందని ఏసీ వేయలేదు. సూర్యాపేట మీదుగా హైవే అంతా ఇంజిన్ వేడి చూపే ముల్లు సగానికి కొంచెం కిందే నిలబడింది. ఎల్బీనగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో పడ్డాక పది నిమిషాల్లో ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. పక్కకు ఆపి, ముప్పావుగంట ఆగి, నీళ్లు పోసుకుని ఇల్లు చేరాం.

నిన్న దగ్గర్లోని మెకానిక్‌కు చూపిస్తే, వేడెక్కిన నీళ్లను చల్లార్చే రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ పోయిందని తీసేశారు. మన ఎండలకు అది అక్కర్లేదని చెప్పి కొత్తది వేయలేదు. ఈ రోజు మళ్లీ అదే కథ. ఇంకొకరికి చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి అంటున్నారు. ఖర్చుకు వెనకాడను. కానీ తప్పు ఎక్కడుందో తెలియకుండా ఇంజిన్ విప్పించాలంటే టెన్షన్‌గా ఉంది. నాన్న గుర్తుగా మిగిలింది ఈ బండే.

ఆటోనగర్_పాతికేళ్లు

తమ్ముడూ, హెడ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. నేను విజయవాడలో ఈ పనే చేస్తాను. బండి రాగానే నేను అడిగే మొదటి మాట, ఎప్పుడు హీటెక్కుతోంది అని. హైవేలో బాగుండి ట్రాఫిక్‌లో ఎక్కుతోందంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు మాత్రం ఫ్యాన్ ఒక్కటే దిక్కు. పాత అంబాసిడర్లలో ఇంజిన్ తిరిగితే బెల్టుతో ఫ్యాన్ కూడా తిరిగేది. నీ బండిలో ఉన్నది కరెంటు ఫ్యాన్, ఎవరో ఒకరు దాన్ని ఆన్ చేయాలి.

రేపు ఉదయం చల్లటి ఇంజిన్‌తో ఇలా చూడు. ఏసీ ఆపి, బండి నిలబెట్టి, స్టార్ట్ చేసి వదిలెయ్. ముల్లు సగం దాటుతుంటే ఫ్యాన్ తిరగాలి. తిరగకుండా ముల్లు పైకి పోతుంటే ఏసీ వెయ్యి. ఏసీ వేస్తే తిరిగి, వేయకపోతే తిరగట్లేదంటే మోటారు బాగానే ఉన్నట్టు, దానికి వేడి కబురు అందట్లేదు. ఫ్యాన్ స్విచ్, వైరింగ్, కనెక్టర్ చూడాలి. కొన్ని బండ్లలో ఏసీకి వేరే ఫ్యాన్ ఉంటుంది, ఏది తిరుగుతోందో గమనించు. ఎలా చేసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు. చెయ్యి మాత్రం ఫ్యాన్ దగ్గర పెట్టకు, ఇంజిన్ ఆపాక కూడా కొన్ని బండ్లలో అది ఉన్నట్టుండి తిరుగుతుంది.

ఇక థర్మోస్టాట్. అది తీసేయడం మన దగ్గర పాత అలవాటు, చాలా తప్పు అలవాటు. అది 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో తెరుచుకుంటుంది. చాలా ఇంజిన్లలో అది తెరుచుకునేటప్పుడే పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి తెరిచే ఉంటుంది. వేడి నీళ్లు కొన్ని రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరుగుతాయి. ఉదయం పూటేమో ఇంజిన్ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయించు.

కొవ్వూరు_వంతెన

పాలేరు గారూ, ఎర్రగీత చూడగానే ఆపారు, ఇంజిన్ బతికింది. నేను ఆపలేదండీ. మూడేళ్ల క్రితం మారేడుమిల్లి ఘాట్‌లో ముల్లు పైకి వెళ్తుంటే, ఊరు ఆరు కిలోమీటర్లే కదా అని నడిపేశాను. అల్యూమినియం హెడ్ వంగిపోయింది. గ్యాస్కెట్ మార్చి, లేత్‌లో హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేయించి, బండి తీసుకునేసరికి నెల పట్టింది.

గ్యాస్కెట్ పోయినప్పుడు నాకు కనిపించినవి చెబుతాను, మీ బండితో పోల్చుకోండి. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గలేదు. ఆయిల్ మూత లోపల పాలమీగడలా జిగురు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ రిజర్వు డబ్బాలో బుడగలు ఆగకుండా వచ్చేవి. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోయేది. చలికాలం ఉదయం కాసేపు కనిపించే పొగను చూసి కంగారు పడకండి, అది మామూలు ఆవిరే.

ఇంకొకటి, దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. ఆ రోజు తొందరపడి గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పాను. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) ముట్టుకోగలిగేంత చల్లబడే దాకా మూత జోలికి పోవద్దు.

నల్గొండ_బోరు

నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ అందులో ఏం పోశారు? మా వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. రేడియేటర్ గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. మా మామయ్య బండి అలాగే పాడైంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. డబ్బా మీద కలిపి అమ్మేదని ఉంటే నేరుగా పోయొచ్చు.

రేడియేటర్ మూత కూడా చూడండి. దాని మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది ఒత్తిడి. 0.9 మూత సరిగ్గా పట్టుకుంటే లోపల ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోతే వందకే మరిగి రిజర్వు డబ్బాలోకి తన్నేస్తుంది. చిన్న వస్తువని ఎవరూ మార్చరు.

పాలేరు_గట్టు (బుధవారం)

అన్నా, మీరు చెప్పినట్టే అయింది! ఏసీ వేస్తే ఫ్యాన్ తిరిగింది, ఆపితే లేదు. కనెక్టర్ ఊడదీస్తే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. శుభ్రం చేసినా పనిచేయలేదు, స్విచ్ మార్చాం. ఇప్పుడు ముల్లు సగం దాటగానే ఫ్యాన్ అందుకుంటోంది. నిన్న సాయంత్రం గంటన్నర ట్రాఫిక్‌లో ఉన్నా ముల్లు కదల్లేదు.

కొవ్వూరు గారూ, మీరు చెప్పిన గుర్తులేవీ లేవు. తెల్ల పొగ లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది. చాలా ధైర్యం వచ్చింది.

కానీ ఈ ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏసీతో 90లో వెళ్తుంటే ముల్లు మెల్లగా పైకి పోయింది. ఏసీ ఆపి 60కి తగ్గిస్తే దిగింది. నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నాన్న ఎప్పుడూ ఇంటి బోరు నీళ్లే పోసేవారు.

ఆటోనగర్_పాతికేళ్లు

అయితే తప్పులు రెండు. వేగంలో ఎక్కుతోందంటే గాలి దూరడం లేదు, లేదా నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. థర్మోస్టాట్ లేకపోవడం కూడా ఇక్కడ తోడవుతుంది. ఏసీ కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందుండే జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందు ఉంటుంది, అక్కడ చెత్త పేరుకున్నా ముందు నుంచి చూస్తే కనపడదు. రేడియేటర్ దించించు. పాత ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు ఊడదీసి రాడ్డింగ్ (కడ్డీతో గొట్టాలు శుభ్రం) చేసేవాళ్లం. నీది అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకులు. లోపల సున్నం పట్టి ఉంటే మార్చడమే మంచిది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ కారిన మరక ఉందేమో చూడమను. హెడ్ అనుమానం తీరాలంటే రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రవంతో పరీక్ష చేస్తారు. పొగ లీకైతే పసుపు తిరుగుతుంది. హెడ్ దించేముందు అది చేయని చోట నువ్వు బండి ఇవ్వకు.

పాలేరు_గట్టు (ఆదివారం)

రేడియేటర్ దించగానే నోట మాట రాలేదు. కండెన్సర్‌కూ దానికీ మధ్య దూది, దుప్పటిలా పేరుకుని ఉంది! పత్తి సీజన్‌లో ఖమ్మం మార్కెట్ రోడ్ల మీద ఏళ్లతరబడి తిరిగిన బండి మరి. లోపల నల్గొండ అన్న చెప్పిన తెల్ల పొర. వాటర్ పంపు పొడిగా ఉంది. పరీక్షలో నీలం నీలంగానే ఉంది, హెడ్ క్షేమం.

కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, మూత, రెండు హోసులు వేయించాను. ఇంజిన్ లోపలి సున్నం పోయేలా మూడుసార్లు కడిగించి కూలెంట్ పోశాం. అంతా కలిపి హెడ్ పనికి అడిగినదాంట్లో సగం కూడా కాలేదు. ఈ రోజు మధ్యాహ్నం ఎండలో ఏసీతో ఖమ్మం వచ్చేశాం, ముల్లు సగం కిందే ఉంది. ఒక్కటే సందేహం, రిజర్వు డబ్బాలో మట్టం వేలెడు తగ్గింది.

ఆటోనగర్_పాతికేళ్లు

లోపల చిక్కుకున్న గాలి బయటికొస్తోంది. మొదటి రెండు మూడు రోజులు అలా దిగడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు గీత దాకా నింపి, స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి రోజూ ఉదయం చూడు. వారం తర్వాత కూడా దిగుతుంటే ఇక్కడ రాయి.

పాలేరు_గట్టు (ఎనిమిది రోజుల తర్వాత, సోమవారం)

శుక్రవారం నుంచి గుర్తు దగ్గరే ఉందన్నా. ఈ ఉదయం అమ్మ కూడా వచ్చి చూసింది.